గుర్రప్పిల్లలో వాటా కొనేముందు: రక్తం మాట తర్వాత, తల్లి పేరు ముందు

మీరు అడిగింది ఇదీ. మలక్‌పేట రేసుల్లో పరిచయమైన ముగ్గురు కలిసి ఒక ఏడాది వయసు గుర్రప్పిల్లను కొంటున్నారు, నాలుగో వాటాకి మిమ్మల్ని రమ్మంటున్నారు. బేరం కుదిర్చే మధ్యవర్తి "రెండు వైపులా నార్దర్న్ డాన్సర్ రక్తం సార్, 4×4, ఫ్రాంకెల్‌కి కూడా ఇలాగే ఉంటుంది" అన్నాడు. నార్దర్న్ డాన్సర్, ఫ్రాంకెల్ రెండూ చరిత్రలో పేరుమోసిన రేసు గుర్రాలు. ఆ మధ్యవర్తి మాటలో నిజమెంత, దాన్ని నమ్మి డబ్బు పెట్టొచ్చా అన్నది మీ ప్రశ్న. నేను స్టడ్ ఫారాల్లో (రేసు గుర్రాల్ని కలిపి పిల్లల్ని పుట్టించి పెంచే చోట్లు) పనిచేసినవాణ్ణి, వేలం కేటలాగులు చదివి కొనేవాళ్ళకి సలహా చెప్పడం కూడా అందులో భాగమే. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

మధ్యవర్తి అబద్ధమేమీ చెప్పలేదు. అసలు వంశం విషయంలో అబద్ధం చెప్పడం ఇప్పుడు కష్టం కూడా. మన దేశంలో ప్రతి పిల్లా ఇండియన్ స్టడ్ బుక్‌లో నమోదు కావాలి, తల్లిదండ్రులెవరో డీఎన్ఏ పరీక్షతో తేలుస్తారు. కాబట్టి ఆ పేర్లు నిజమే అయ్యుంటాయి. అయితే ఆ పేరు ఉన్నంత మాత్రాన మీకు ఒరిగేదేమీ లేదు. 2020లో వచ్చిన ఒక జన్యు పరిశోధనలో వేల థరోబ్రెడ్ (రేసుల కోసం పెంచే జాతి) గుర్రాల వంశాలు పరిశీలిస్తే 97 శాతం వాటిలో నార్దర్న్ డాన్సర్ పేరు కనిపించింది. ఇవాళ ఆ పేరు లేని గుర్రాన్ని వెతికి పట్టుకోవడమే కష్టం. గెలిచేదానిలోనూ ఆ రక్తమే, ఆఖరున వచ్చేదానిలోనూ ఆ రక్తమే.

మన దగ్గర 4×4 ఎందుకంత మామూలో చెప్తాను. ఆ అంకెలు తరాలు. ఒకే పూర్వీకుడు తండ్రి వైపు నాలుగో తరంలో, తల్లి వైపు నాలుగో తరంలో ఉన్నాడని అర్థం, అంతే. నార్దర్న్ డాన్సర్ సొంత కొడుకు రజీన్ అనే గుర్రం మన దేశంలోని ఉషా స్టడ్ అనే ఫారానికి వచ్చింది. 1990లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డర్బీలో అదే ఫేవరెట్, తీరా చూస్తే వెనకెక్కడో వచ్చింది. అక్కడ పరువు పోగొట్టుకున్న గుర్రం ఇక్కడికొచ్చి ఏళ్ళ తరబడి చాంపియన్ సైర్ (పిల్లల గెలుపుల లెక్కన మేటి తండ్రి గుర్రం) అయింది. ఇక్కడి తల్లి గుర్రాల వంశాల్లో దాని పేరు ఇప్పటికీ విస్తారంగా కనిపిస్తుంది. తర్వాత అదే స్టడ్‌లో మల్టీడైమెన్షనల్ అనే గుర్రం పేరు తెచ్చుకుంది. దాని తండ్రి డేన్‌హిల్, డేన్‌హిల్ తండ్రి డాన్జిగ్, డాన్జిగ్ తండ్రి మళ్ళీ నార్దర్న్ డాన్సరే. ఇప్పుడు మల్టీడైమెన్షనల్‌కి పుట్టిన పిల్లకి అమ్మమ్మ రజీన్ కూతురైతే చాలు, 4×4 దానంతటదే వచ్చి కూర్చుంటుంది. దాని వెనక ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

ఇక ఫ్రాంకెల్ సంగతి. 2008లో పుట్టి, 14 రేసులు పరుగెత్తి 14 గెలిచింది. వాటిలో 10 గ్రూప్ 1, అంటే అన్నిటికన్నా పై స్థాయి రేసులు. గుర్రాలకి రేటింగులిచ్చే టైమ్‌ఫామ్ సంస్థ దానికిచ్చిన 147, ఫ్లాట్ రేసుల (అడ్డంకులు దూకే పని లేని రేసులు) చరిత్రలో అన్నిటికన్నా ఎక్కువ. దాని తండ్రి గెలీలియో, తాత శాడ్లర్స్ వెల్స్, ముత్తాత నార్దర్న్ డాన్సర్. తల్లి కైండ్, తల్లి తండ్రి డేన్‌హిల్. లెక్క వేస్తే నార్దర్న్ డాన్సర్ 3×4 అవుతుంది. సరిగ్గా 4×4 కాదు గానీ, మధ్యవర్తి చెప్పేది ఇదే.

కానీ ఆ వంశంలో అసలు చూడాల్సింది డేన్‌హిల్‌లో ఉంది. నార్దర్న్ డాన్సర్ తల్లి పేరు నటాల్మా. ఆ నటాల్మాకి వేరే తండ్రి వల్ల ఒక కూతురు కూడా పుట్టింది, స్ప్రింగ్ అడ్యూ. అంటే నార్దర్న్ డాన్సర్, స్ప్రింగ్ అడ్యూ ఒక తల్లి బిడ్డలు. అన్న కొడుకు డాన్జిగ్. చెల్లెలి కూతురు రజియానా. డాన్జిగ్‌కి రజియానా మేనత్త కూతురు. ఆ ఇద్దరినీ కలిపితే పుట్టింది డేన్‌హిల్. అచ్చమైన మేనరికం. మనవాళ్ళకి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను. ఆ పిల్ల స్ప్రింట్ రేసుల్లో మేటి అయింది, తర్వాత ఆస్ట్రేలియాలో 9 సార్లు చాంపియన్ సైర్ అయింది. గెలీలియోని డేన్‌హిల్ కూతుళ్ళతో కలిపితే ఫ్రాంకెల్ ఒక్కటే కాదు, టియోఫిలో, ఇంటెల్లో, హైలాండ్ రీల్, రోడెరిక్ ఓకానర్ లాంటివి వరసగా వచ్చాయి. మేనరికం కలిసొచ్చిందని అందరూ చెప్పుకునే ఉదాహరణ ఇది.

కలిసిరాని మేనరికాల గురించి మాత్రం ఎవరూ చెప్పరు. 2022లో వచ్చిన ఇంకో పరిశోధనలో తేలిన విషయం: దగ్గరి రక్తం కలయిక 10 శాతం పెరిగితే, ఆ పిల్ల జీవితంలో ఒక్కసారైనా రేసులో దిగే అవకాశం 7 శాతం తగ్గుతోంది. గెలవడం మాట అటుంచండి, అసలు గేటు దాకా రావడమే కష్టమవుతోంది. మగ గుర్రం ఒక సీజన్‌లో వందకు పైగా తల్లి గుర్రాలతో కలుస్తుంది. థరోబ్రెడ్‌లలో కృత్రిమ గర్భధారణకి అనుమతి లేదు, అయినా ఇంత సంఖ్య. నాలుగైదు పేర్లకే అందరూ ఎగబడితే ఇరవై ముప్పై ఏళ్ళలో ఎవరికెవరైనా చుట్టమే అవుతారు. 4×4 అంత దగ్గరి కలయికేమీ కాదు, దానికి భయపడక్కర్లేదు. అదో గొప్ప అర్హత అని చెప్తే మాత్రం నవ్వొస్తుంది.

"రక్తం మంచిదైతే గుర్రం గెలుస్తుందా" అనే దానికి ఫ్రాంకెల్ ఇంట్లోనే జవాబుంది. కైండ్‌కి అంతకు ముందు శాడ్లర్స్ వెల్స్ వల్ల ఒక పిల్ల పుట్టింది. పేరు బుల్లెట్ ట్రైన్. ఫ్రాంకెల్ తాతే దీనికి తండ్రి, తల్లి ఒక్కటే. రక్తం లెక్కన ఇద్దరికీ పెద్ద తేడా లేదు. బుల్లెట్ ట్రైన్ లింగ్‌ఫీల్డ్ డర్బీ ట్రయల్ గెలిచింది, పర్లేదు మంచి గుర్రమే. కానీ చివరికి అది చేసిన ఉద్యోగమేమిటో తెలుసా? ఫ్రాంకెల్ రేసుల్లో ముందుండి వేగం పెంచి, మలుపు తిరిగాక తమ్ముడికి దారి వదలడం. తర్వాత గెలీలియో, కైండ్‌లకే పుట్టిన నోబుల్ మిషన్ నెమ్మదిగా పుంజుకుని 2014లో చాంపియన్ స్టేక్స్ గెలిచింది. ఫ్రాంకెల్ తన ఆఖరి రేసుగా 2012లో గెలిచింది కూడా అదే. గట్టి గుర్రమే, కాదనను. ఫ్రాంకెల్ స్థాయి మాత్రం కాదు.

అమెరికాలో ఇంకా తమాషా కథ ఉంది. బోల్డ్ రూలర్ అనే సైర్ యజమాని ఫిప్స్‌కీ, మెడో ఫారం వాళ్ళకీ ఒక ఒప్పందం. ఫీజు ఇవ్వక్కర్లేదు, రెండేళ్ళలో పుట్టే పిల్లల్ని పంచుకుంటారు, టాస్ గెలిచినవాళ్ళు మొదటి ఏడాది పిల్లల్లో ముందు కోరుకుంటారు, ఓడినవాళ్ళకి రెండో ఏడాది ముందు అవకాశం. రెండో ఏడాది ఒక్క పిల్లే పుట్టేలా ఉందని తెలిసింది. అంటే టాస్ గెలిచినవాళ్ళకి మొత్తం మీద ఒక్క పిల్లే, ఓడినవాళ్ళకి రెండు. అందుకే టాస్ ఓడిపోతే బాగుండని ఇద్దరూ అనుకున్నారు. ఫిప్స్ గెలిచాడు, పాపం. మెడో వాళ్ళ తల్లి గుర్రం సమ్‌థింగ్‌రాయల్‌కి 1969లో పుట్టిన ఆడపిల్లను తీసుకున్నాడు. పేరు ది బ్రైడ్, ఒక్క రేసూ గెలవలేదు. మెడో తరఫున టాస్ ఓడిన పెన్నీ చెనరీకి మరుసటి ఏడాది అదే తల్లికి, అదే తండ్రికి పుట్టిన పిల్ల దక్కింది. అది సెక్రటేరియట్. 1973లో ట్రిపుల్ క్రౌన్ (అమెరికాలో మూడు పెద్ద రేసులూ ఒకే ఏడాది గెలవడం), వాటిలో ఆఖరిదైన బెల్మాంట్‌లో 31 లెంగ్తుల (ఒక లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) తేడాతో 2 నిమిషాల 24 సెకన్లలో గెలుపు. ఆ రికార్డు ఇంకా అలాగే ఉంది. తోబుట్టువులు, తల్లీ ఒకటే, తండ్రీ ఒకటే. కేటలాగులో ఇద్దరి పేజీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండేది.

శాస్త్రం కూడా ఇదే చెప్తోంది. ఎడింబరో విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్క కడితే, గుర్రాలు జీవితకాలంలో గెలుచుకునే డబ్బులో ఉండే తేడాల్లో జన్యువుల వాటా 10 శాతం దగ్గర తేలింది. మిగతాదంతా మేత, శిక్షణ, ట్రైనర్, జాకీ, ఏ రేసులో దించారు అన్న తెలివి, అదృష్టం. హ్యాండిక్యాప్ రేటింగులతో (గుర్రం సత్తాకి ఇచ్చే అంకెలు) లెక్క కట్టినవాళ్ళు జన్యువులకి ఇంకాస్త ఎక్కువే ఇస్తారు.

జన్యువులు కాస్త నికరంగా చెప్పగలిగేది దూరం గురించి. 2010లో డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఎమ్మెలిన్ హిల్ బృందం కండల పెరుగుదలను అదుపుచేసే మయోస్టాటిన్ జన్యువులో ఒక తేడాను గుర్తించింది. ఒక రకం గుర్రాలు పొట్టి దూరాల స్ప్రింటర్లు, ఇంకో రకం దూరం పరుగెత్తేవి, రెండూ కలిసినవి మధ్య దూరాలవి. తర్వాతి పరిశోధనలో ఆ వేగపు రకం సుమారు 300 ఏళ్ళ కిందట బ్రిటన్‌లోని ఒక ఆడ గుర్రం నుంచి మొదలై ఉంటుందని, అది ఇంతగా వ్యాపించడానికి నార్దర్న్ డాన్సర్ తండ్రి నియార్క్టిక్ కారణమని తేల్చారు. ఫ్రాంకెల్ తండ్రి గెలీలియో 12 ఫర్లాంగుల డర్బీ విజేత, తల్లి కైండ్ 5, 6 ఫర్లాంగుల్లో గెలిచిన స్ప్రింటర్. కొడుకు రాజ్యమేలింది ఒక మైలు దగ్గర. కాబట్టి మీ పిల్ల ఏ దూరానికి పనికొస్తుందన్నది వంశం చూసి కాస్త ఊహించొచ్చు. గెలుస్తుందా లేదా అన్నది కాదు.

ధర సంగతి కూడా అంతే. 1983లో నార్దర్న్ డాన్సర్ కొడుకు స్నాఫీ డాన్సర్‌ని కోటి 2 లక్షల డాలర్లకి కొన్నారు. ఒక్క రేసులోనూ దిగలేదు. పోనీ స్టడ్‌కి పంపితే సంతానమూ సరిగా లేదు. 2006లో ది గ్రీన్ మంకీకి కోటీ 60 లక్షల డాలర్లు పెట్టారు, మూడు రేసులు, ఒక్క గెలుపూ లేదు. ఇటు నార్దర్న్ డాన్సర్‌నే చూడండి. 1961 మే 27న కెనడాలో పుట్టింది. ఉత్తరార్ధగోళంలో గుర్రాలన్నిటికీ జనవరి 1నే పుట్టినరోజు కాబట్టి మే చివర పుట్టింది అంటే తోటివాళ్ళకన్నా అయిదు నెలలు చిన్న. పొట్టిగా, బలిసినట్టు ఉండేది. యజమాని ఇ.పి. టేలర్ 25,000 డాలర్లకి ఇస్తానన్నా ఒక్కరూ కొనలేదు. 1964లో అదే కెంటకీ డర్బీని సరిగ్గా 2 నిమిషాల్లో గెలిచి కొత్త రికార్డు పెట్టింది. తర్వాత సుమారు 640 మంది పిల్లలు పుడితే వాళ్ళలో 147 మంది దాకా స్టేక్స్ రేసులు (పేరున్న పెద్ద రేసులు) గెలిచారు. నూటికి పది వస్తేనే గొప్ప సైర్ అంటారు, దీనికి ఇరవై మూడు దాకా వచ్చాయి. ఈ శాతం అలవాటు చేసుకోండి. "ఫలానా చాంపియన్‌కి తండ్రి" అని ఎవరైనా చెప్తే "ఎంతమంది పిల్లల్లో?" అని అడగండి. వెయ్యి మందిలో ఇద్దరు చాంపియన్లు రావడం పెద్ద విశేషం కాదు.

మరి కేటలాగు పేజీలో ఏం చూడాలి? తండ్రి పేరు మీద ఒక నిమిషం, తల్లి మీద పది నిమిషాలు. తండ్రులు అందరికీ అందుబాటులో ఉన్నవాళ్ళే. తల్లులే అరుదు. పదకొండు నెలలు మోసి ఏడాదికి ఒక్క పిల్లను ఈనుతుంది, జీవితం మొత్తంలో పది పన్నెండు అంతే. అలాంటి తల్లికి రెండు మూడు మంచి పిల్లలు వచ్చాయంటే అది మామూలు సంగతి కాదు. అర్బన్ సీ అనే ఆడ గుర్రం 1993లో ఆర్క్ అనే ఫ్రాన్స్ పెద్ద రేసు గెలిచింది. దాని కొడుకు గెలీలియో 2001లో ఎప్సమ్ డర్బీ గెలిచింది. వేరే తండ్రికి పుట్టిన ఇంకో కొడుకు సీ ది స్టార్స్ 2009లో అదే డర్బీ గెలిచి, తల్లి గెలిచిన ఆర్క్ కూడా గెలిచింది. ఇంకా వెనక్కి వెళ్తే అల్‌మహ్మూద్ అని ఒక ఆడ గుర్రం. దాని ఒక కూతురు నటాల్మా, మనం చెప్పుకున్న నార్దర్న్ డాన్సర్ తల్లి. ఇంకో కూతురు కాస్మాకి పుట్టింది హేలో. హేలో కొడుకు సండే సైలెన్స్ 1989లో కెంటకీ డర్బీ గెలిచినా, తల్లి వైపు పెద్ద పేర్లు లేవని అమెరికా వాళ్ళు అంత ఉత్సాహం చూపలేదు. జపాన్ వాళ్ళు కొనుక్కుపోయారు. 1995 నుంచి 2007 దాకా 13 ఏళ్ళు వరసగా అక్కడ అదే చాంపియన్ సైర్, తర్వాత కొడుకు డీప్ ఇంపాక్ట్ అందుకున్నాడు. అటు యూరప్‌ని ఏలిన వంశం, ఇటు జపాన్‌ని ఏలిన వంశం, రెండూ ఒక అమ్మమ్మ ఇంటివే. మగవాళ్ళ పేర్లతో చరిత్ర రాస్తారు కాబట్టి అల్‌మహ్మూద్ పేరు మలక్‌పేటలో ఎవరినడిగినా తెలియదు.

పేజీలో మొదట "మొదటి తల్లి" అని ఉంటుంది, అంటే పిల్లను కన్న తల్లి. తర్వాత రెండో తల్లి, అంటే అమ్మమ్మ. తర్వాత మూడో తల్లి. పెద్ద రేసులు గెలిచిన పేర్లు నల్లటి మందం అక్షరాల్లో అచ్చువేస్తారు. పేజీ మొత్తం నల్లగా కనిపిస్తే కళ్ళు చెదురుతాయి, అందుకే అలా వేస్తారు. మీరు చేయాల్సిందల్లా ఆ నలుపు ఎక్కడ మొదలైందో చూడటం. మొదటి తల్లి కింద ఏమీ లేకుండా మూడో తల్లి కింద పెద్ద పేర్లు కుప్పలుగా ఉంటే, ఆ ఘనత ఎప్పుడో ముత్తవ్వ దగ్గర ఆగిపోయిందని అర్థం. మొదటి తల్లి ఎన్ని పిల్లల్ని కన్నది, వాటిలో ఎన్ని రేసులకొచ్చాయి, ఎన్ని గెలిచాయి, ఏ దూరాల్లో గెలిచాయి, ఇవి లెక్కపెట్టండి. ఆరుగురు పుట్టి నలుగురు రేసులకే రాలేదంటే కాళ్ళ సమస్య ఆ ఇంట్లోనే ఉందేమో అడగాలి. మధ్యలో ఏళ్ళు ఖాళీగా ఉంటే చూలు నిలవలేదా, పిల్ల పోయిందా అనీ అడగాలి. ఇంకొకటి, ఒకే తండ్రి పిల్లల్ని ఈ రంగంలో అన్నదమ్ములు అనరు. ఒకే తల్లి పిల్లలైతేనే ఆ మాట. ఎవరైనా "ఫలానా విన్నర్‌కి తమ్ముడు" అంటే తల్లి ఒక్కటేనా అని నిర్ధారించుకోండి.

పేజీ మూసేశాక పిల్ల దగ్గరికి వెళ్ళండి. మట్టి నేల మీద కాకుండా గట్టి చదును నేల మీద నడిపించమనండి. ఎదురుగా నిలబడి ముందు కాళ్ళు చూడండి. భుజం, మోకాలు, గిట్ట ఒకే గీతలో ఉండాలి, మోకాలు పక్కకి జరిగినట్టుంటే బరువంతా ఒక వైపు పడుతుంది. తర్వాత పక్కకి జరిగి నడక చూడండి. వెనక కాలు ముందు కాలి గుర్తును దాటి పడుతుంటే మంచిది. అలసట లేకుండా, తోక ఊపుకుంటూ, చెవులు ముందుకు పెట్టి నడిచే పిల్ల నాకు వంశం పేజీకన్నా ఎక్కువ చెప్తుంది. గొంతు ఎండోస్కోపీ, కీళ్ళ ఎక్స్‌రేలు మీరు సొంతంగా పెట్టుకున్న పశువైద్యుడితోనే చూపించండి, అమ్మేవాళ్ళు చూపించిన రిపోర్టుతో సరిపెట్టుకోవద్దు. పుట్టిన తేదీ కూడా చూడండి. ఏప్రిల్, మేలలో పుట్టినదైతే ఇప్పుడు చిన్నగా కనిపించినా తప్పు లేదు, దానికి టైమ్ ఇవ్వాలి. రెండేళ్ళకే రేసుల్లో పరుగెత్తించాలని మీ ముగ్గురు మిత్రులు తొందరపడుతుంటే అలాంటి పిల్ల వాళ్ళకి సరిపడదు.

మీ ప్రశ్నలో రాయనిది ఒకటుంది: పిల్ల మగదా ఆడదా? దీన్నిబట్టి వంశానికి ఇచ్చే విలువ మారిపోతుంది. ఆడదైతే ఒక్క రేసూ గెలవకపోయినా స్టడ్‌కి అమ్ముకోవచ్చు, అక్కడ తల్లి వైపు పేర్లకి నిజంగానే డబ్బొస్తుంది. ఫిప్స్ దగ్గర ఓడిపోయిన ది బ్రైడ్ కూడా తర్వాత స్టడ్‌లో మంచి పిల్లల్నే ఇచ్చింది. సెక్రటేరియట్ కూడా కొడుకుల కన్నా కూతుళ్ళ వల్లే వంశంలో నిలిచింది. స్టార్మ్ క్యాట్, ఏ.పి. ఇండీ రెండూ దాని కూతుళ్ళ పిల్లలే. మగ పిల్ల అయితే స్టాలియన్ (స్టడ్‌లో తండ్రి గుర్రం) అయ్యే అదృష్టం చాలా కొద్దిమందికే వస్తుంది. చాలావాటిని గెల్డింగ్ చేస్తారు, అంటే వృషణాలు తీసేస్తారు, ఆ తర్వాత వంశానికి విలువ సున్నా, పరుగెత్తితేనే డబ్బు. అలాంటి పిల్లకి "రక్తం" పేరుతో అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

నెల నెలా ట్రైనర్ ఖర్చు, డాక్టర్, నాడాలు, దాణా ఎవరి వాటా ఎంత, గాయమైతే ఎన్నాళ్ళు భరించాలి, ఒకరు తప్పుకుంటే ఏం చేయాలి, ఇవన్నీ ముందే కాగితం మీద పెట్టుకోండి. గుర్రాల వాటాల్లో గొడవలు ఎక్కువగా వచ్చేది రేసు ఓడినందుకు కాదు, మూడో నెల బిల్లు దగ్గర. తల్లి పేరు, అమ్మమ్మ పేరు, పిల్ల పుట్టిన తేదీ తెలిస్తే ఇక్కడ రాయండి, కేటలాగు పేజీ ఉంటే ఫొటో పెట్టండి. చూసి నా అభిప్రాయం చెప్తాను.